రసాయనాలు లేని తేనెటీగల పెంపకం – చీపురుపల్లి కలయిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కలయిక ఎవరి కోసం? ఎక్కడ, ఎప్పుడు జరుగుతుంది?

పెట్టెల్లో నల్లి (తేనెటీగల ఒంటికి పట్టి పీడించే చిన్న జీవి) మందులు, యాంటీబయాటిక్ పొడులు వాడకుండా తేనెటీగలను పెంచుతున్నవారు, అలా పెంచాలని ఆలోచిస్తున్నవారు ఒకచోట చేరి, పెట్టెలు తెరిచి చూసుకుంటూ మాట్లాడుకోవడానికి ఏర్పాటు చేసుకున్న ఒకరోజు కలయిక ఇది. విజయనగరం–పాలకొండ రోడ్డులో చీపురుపల్లికి దగ్గరగా ఉన్న ఒక మామిడి, జీడిమామిడి తోటలో, సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మొదలై పొద్దు వాలేవరకు సాగుతుంది. రైలులో వచ్చేవారు విజయనగరం వైపు నుంచైనా, ఆమదాలవలస వైపు నుంచైనా చీపురుపల్లి స్టేషనులో దిగవచ్చు.

ఆ సమయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉన్నది. తుపానుల కాలం అప్పటికి దాటిపోతుంది, మామిడి పూత విచ్చుకుంటూ ఉంటుంది, జీడి పూత మొదలవుతుంది, పెట్టెలో రాణి గుడ్లు పెట్టడం పెంచుతుంది. తోటల రైతులు పూత మీద ఏ మందు కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో నిర్ణయించుకునేది కూడా ఆ రోజుల్లోనే. ఈ చివరి విషయమే మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది; దాని గురించి కింద వివరంగా వ్రాశాము.

"రసాయనాలు లేని" అంటే ఇక్కడ ఏ అర్థంలో వాడుతున్నారు?

మకరందమూ రసాయనమే, పుప్పొడీ రసాయనమే అనే వాదన ప్రతిసారీ వస్తుంది కాబట్టి ముందే స్పష్టం చేస్తున్నాము. నల్లి కోసం పెట్టెలో వేలాడదీసే ఫ్లువాలినేట్ పట్టీలు, అమిట్రాజ్ వంటి మందులు, పిల్ల ఈగల తెగుళ్ళకు పాకంలో కలిపి పెట్టే ఆక్సిటెట్రాసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు, ఖాళీ పట్లను నిల్వ చేసేటప్పుడు వేసే నాఫ్తలీన్ గోలీలు: వీటిలో ఏదీ వాడకపోవడాన్నే మేము రసాయనాలు లేని పద్ధతి అంటున్నాము.

ఇంత గట్టిగా చెప్పడానికి మూలకారణం మైనం. ఫ్లువాలినేట్ వంటి మందులు నీటిలో కన్నా కొవ్వులో, మైనంలో సులభంగా కరుగుతాయి. పట్టీ తీసేసిన తరువాత కూడా వాటి అవశేషం పట్టులోనే ఉండిపోతుంది; ఆ పట్టును కరిగించి, కొత్త పట్టుకు ఆధారంగా చట్రాల్లో అమర్చే అచ్చు షీట్లుగా పోసినప్పుడు ఎన్నడూ మందు వాడని మరొకరి పెట్టెలోకి కూడా చేరుతుంది. పైగా ఏళ్ళ తరబడి ఒకే మందు వాడినచోట దానికి చావని నల్లి తయారైన సంగతి అనేక దేశాల పెంపకందారులు చూసినదే. అందువల్ల మీరు మందు మానడం ఒక్కటే చాలదు, బజారులో కొనే మైనపు షీట్లు ఎక్కడివో కూడా అడగవలసి ఉంటుంది. చట్రం పై కమ్మికి సన్నని మైనపు చార మాత్రమే అతికించి, మిగిలిన పట్టును ఈగల చేతనే కట్టించుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గమని మా అభిప్రాయం.

ఫార్మిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం, థైమాల్ విషయంలో మాలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య సేంద్రియ నియమాలు వీటిని అనుమతిస్తాయి; ఫార్మిక్ ఆమ్లం తేనెలో సహజంగానే స్వల్పంగా ఉంటుంది. అయినా నల్లిని చంపేంత మోతాదులో వాడినప్పుడు అది మందే అవుతుంది. వీటిని వాడేవారు నిస్సంకోచంగా రావచ్చు. తాము వాడుతున్న సంగతిని దాచకుండా చెప్పాలన్నదే మా కోరిక.

మందులు మానేస్తే ఈగలు చనిపోవా?

ఐరోపా తేనెటీగలను పెంచుతూ, ఇప్పటివరకు మందుల మీదనే నడిపించి, ఒక్కసారిగా మానేస్తే చాలా గూళ్ళు చనిపోవచ్చు. ఈ మాటను మెత్తగా చెప్పి ఎవరినీ నష్టపెట్టదలచుకోలేదు. 1999లో స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో పరిశోధకులు 150 గూళ్ళకు ఏ చికిత్సా చేయకుండా వదిలి గమనించారు. మొదటి కొన్నేళ్ళలో అత్యధిక భాగం నశించాయి. మిగిలిన కొద్ది గూళ్ళు నల్లితో పాటు బ్రతకడం నేర్చాయి. శాస్త్రానికి అది గొప్ప ఫలితం. పది పెట్టెలతో, బ్యాంకు అప్పుతో నడుస్తున్న రైతు మాత్రం అంత నష్టాన్ని తట్టుకోలేడు.

కాబట్టి మానేయడమంటే వదిలేయడం కాదు. మందు చేసే పనిని మరొక విధంగా చేయాలి: నల్లిని లెక్కించాలి, సమయానికి గుడ్లు పెట్టడం ఆపించాలి, బలహీనమైన గూటి రాణిని మార్చాలి, నిలబడిన గూటి నుంచే కొత్త రాణులను తీయాలి. శ్రమ తగ్గదు, పెరుగుతుంది.

మా ప్రాంతానికి ఏ తేనెటీగ తగినది?

కలయికలో ఎక్కువ సమయం ఈ ప్రశ్నకే కేటాయించాము. మన ప్రాంతంలో నాలుగు రకాల తేనెటీగలు సహజంగానే కనిపిస్తాయి. ఎత్తైన చెట్ల మీద, కొండ చరియల మీద ఒకే పెద్ద పట్టు కట్టే కొండ తేనెటీగను, పొదల కొమ్మకు అరచేయంత పట్టు కట్టే చిన్న తేనెటీగను పెట్టెలో పెంచలేము. కుట్టలేని ముసురు తేనెటీగ ఇచ్చే తేనె చాలా తక్కువ. పెట్టెలో పెంచదగినది పుట్ట తేనెటీగ. పుట్టలలోనూ, చెట్టు తొర్రలలోనూ, పాత మట్టి గోడల సందులలోనూ, వాడకుండా వదిలేసిన మీటరు డబ్బాలలోనూ ఇది వరుసగా అనేక పట్లు కట్టి కాపురం ఉంటుంది.

రసాయనాలు వద్దనుకునేవారికి పుట్ట తేనెటీగ సహజమైన ఎంపిక అని మేము గట్టిగా నమ్ముతున్నాము. నేడు ప్రపంచమంతటా ఐరోపా తేనెటీగలను పీడిస్తున్న వరోవా నల్లికి అసలు ఆశ్రయం ఈ ఆసియా ఈగే. అనాదిగా కలిసి బ్రతికినందువల్ల ఈ ఈగలు ఒకదాని ఒంటి మీది నల్లిని మరొకటి తొలగిస్తాయి, నల్లి చేరిన పిల్ల గదులను తెరిచి శుభ్రం చేస్తాయి. ఈ ఈగలో నల్లి సంతానం ప్రధానంగా పోతు ఈగల గదులకే పరిమితమై ఉంటుంది. అదే నల్లి ఐరోపా ఈగ మీదికి మారినప్పుడు కూలి ఈగల గదులలో కూడా పెరగసాగింది. సమస్య అంతా అక్కడ మొదలైనది.

దీనికి ఇబ్బందులూ ఉన్నాయి. ఒక పెట్టెకు ఏటా 5 నుంచి 10 కిలోల తేనె వస్తే అది మంచి దిగుబడే. ఐరోపా ఈగలను పూతల వెంట తిప్పేవారు తీసే తేనెతో దీనిని పోల్చకూడదు. మేత తగ్గినా, చీమలు పట్టినా, పదే పదే పెట్టె తెరిచినా గూడు మొత్తం లేచి వెళ్ళిపోతుంది. ఐరోపా ఈగకు చేసిన లాంగ్‌స్ట్రాత్ పెట్టె దీనికి మరీ పెద్దది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో తిరుచిరాపల్లి ప్రాంతంలో న్యూటన్ అనే పాద్రి రూపొందించిన చిన్న పెట్టె, ఆ తరువాత వచ్చిన ఐ.ఎస్.ఐ. ఎ రకం పెట్టె దీనికి సరిపోతాయి. రెండింటినీ తోటలో పక్కపక్కన ఉంచి చూపిస్తాము.

ఐరోపా ఈగలు ఉన్నవారు వాటిని వదులుకోవాలని మేము చెప్పడం లేదు. కింది సమాధానం వారి కోసమే.

ఐరోపా ఈగల పెట్టెల్లో వరోవా నల్లిని మందు లేకుండా ఎలా అదుపు చేయాలి?

ముందు లెక్కించాలి. పిల్ల పట్టు మీద నుంచి సుమారు 300 ఈగలను, అంటే అర కప్పు, జాలీ మూత ఉన్న సీసాలోకి తీసుకుని, మెత్తని పంచదార పొడి చల్లి, ఒకటి రెండు నిమిషాలు ఉంచి, తెల్లని పళ్ళెంలోకి జల్లిస్తే నల్లులు రాలుతాయి. రాలినవాటిని మూడుతో భాగిస్తే నూటికి ఎన్నో తెలుస్తుంది. నూటికి మూడుకు చేరిందంటే ఇక ఆలస్యం చేయకూడదు. ఈగలను తిరిగి పెట్టెలో వేయవచ్చు, అవి చావవు. రాణి ఆ పట్టు మీద లేదని చూసుకున్న తరువాతే ఈ పని చేయాలి.

వరోవా నల్లి పోతు ఈగల గదులను ఎక్కువగా కోరుకుంటుంది. ఒక చట్రంలో పోతు గదులు కట్టనిచ్చి, మూతలు పడిన తరువాత, పోతులు బయటికి రాకముందే ఆ పట్టును కోసి తీసేస్తే నల్లిలో పెద్ద భాగం దానితో పోతుంది. గుడ్డు నుంచి పోతు ఈగ బయటికి రావడానికి 24 రోజులు పడుతుంది కాబట్టి తేదీ వ్రాసిపెట్టుకోవాలి. తేదీ తప్పితే మన చేతులతో మనమే నల్లిని పెంచినట్లవుతుంది.

రెండవ మార్గం గుడ్లు పెట్టడాన్ని ఆపించడం. రాణిని మూడు వారాలకు పైగా చిన్న పంజరంలో ఉంచితే పిల్ల గదులన్నీ ఖాళీ అవుతాయి, నల్లి వృద్ధి ఆగుతుంది. కొండ తేనెటీగ నుంచి ఐరోపా ఈగకు సోకే ట్రోపిలేలాప్స్ అనే మరొక నల్లికి ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. పిల్ల లేకుండా అది కొద్ది రోజులకు మించి బ్రతకలేదు. మేత ఎలాగూ తక్కువగా ఉండే వానాకాలం దీనికి తగిన సమయం.

పట్టు గదిని చిన్నదిగా చేస్తే నల్లి తగ్గుతుందనే మాట చాలామంది చెబుతారు. జరిగిన పరీక్షలు దానిని బలపరచలేదు కాబట్టి మేము దానిని సిఫారసు చేయము.

పుట్ట తేనెటీగకు వచ్చే సంచి తెగులుకు మందు లేదంటారు. మరి ఏమి చేయాలి?

థాయ్ శాక్ బ్రూడ్ అనే ఈ వైరస్ 1970ల చివరిలో ఈశాన్య భారతంలో కనిపించి, 1990ల మొదట్లో కర్ణాటక, తమిళనాడు, కేరళలలో పుట్ట తేనెటీగల పెంపకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. పిల్లపురుగు గదిలో వెల్లకిలా, తల పైకెత్తి, నీళ్ళు నిండిన సంచిలా మారి చనిపోతుంది. ఎండిన తరువాత పడవ ఆకారంలో పొలుసుగా మిగులుతుంది. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. అయినా భయంతో ఆ పొడులు వాడేవారు ఉన్నారు. దానివల్ల తేనెలో అవశేషం మిగలడం తప్ప ప్రయోజనం లేదు.

చేయగలిగినది ఇది: తెగులు కనిపించిన పట్లు తీసి కాల్చివేయడం, రాణిని కొన్నాళ్ళు గుడ్లు పెట్టకుండా ఆపి ఈగలు గదులను శుభ్రం చేసుకునే వ్యవధి ఇవ్వడం, తరువాత తెగులు సోకని గూటి నుంచి తీసిన రాణిని ఇవ్వడం. పక్క పెట్టెలు కూలిపోయినా నిలబడిన గూడు మీ దగ్గర ఉంటే దాని తేనె తీయకండి. ఆ గూటి సంతానమే మీకు, మీ చుట్టుపక్కలవారికి రేపటి ఆధారం.

మైనపు పురుగు, చీమలు, కందిరీగల సంగతి?

మైనపు పురుగు బలమైన గూటిలో నిలవదు. ఈగలు కప్పలేనన్ని పట్లు పెట్టెలో ఉంచినప్పుడే అది ప్రవేశిస్తుంది కాబట్టి ఖాళీ పట్లు తీసేయండి. డీప్ ఫ్రీజర్ అందుబాటులో ఉంటే పట్లను రెండు రోజులు అందులో ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. చీమలకు స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు చాలు. కందిరీగలు వాలే రోజుల్లో గుమ్మాన్ని ఒక ఈగ పట్టేంతగా తగ్గించాలి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి అక్కడివారు పెట్టెలను ఇంటి పెరటిలోనే ఉంచుకోవడం మేలు.

తేనెటీగల పెంపకందారుల కలయికకు మామిడి, జీడి రైతులను ఎందుకు పిలుస్తున్నారు?

పుట్ట తేనెటీగ సాధారణంగా కిలోమీటరు, కిలోమీటరున్నర దూరం మేతకు వెళుతుంది; ఐరోపా ఈగ అంతకు రెండింతలు వెళ్ళగలదు. ఆ పరిధిలో మనకు ఉన్న భూమి ఎంత? పెట్టెలో ఒక్క చుక్క మందు వాడకపోయినా పక్క తోటలో నిండు పూత మీద, ఎండపొద్దున ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొడితే మన నియమాలన్నీ వ్యర్థమవుతాయి. గుమ్మం ముందు నాలుక చాచి చచ్చిపడిన ఈగల కుప్పను చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. నల్లి వల్ల గూడు నెలల మీద క్షీణిస్తుంది, పిచికారీ వల్ల ఒక్క పూటలో పోతుంది. అందుకే రైతు మన గుంపు మధ్యలో కూర్చోవాలని మేము కోరుకుంటున్నాము.

రైతును దోషిగా నిలబెట్టడానికి పిలవడం లేదు. మామిడిలో తేనెమంచు పురుగు పూతను మాడ్చివేస్తే ఏడాది ఆదాయం పోతుంది. జీడిలో టీ దోమ సంగతీ అంతే. వారిని మేము అడిగేవి కొన్నే. తేనెమంచు పురుగుకు మందు కొట్టవలసి వస్తే పూమొగ్గ తొడిగే దశలో, పూలు విచ్చకముందే కొట్టాలి. పూలు విచ్చిన తరువాత తప్పనిసరి అయితే ఈగలు గూటికి చేరిన సాయంత్రం వేళ కొట్టాలి. ముందురోజు ఒక ఫోను చేస్తే పెంపకందారు చీకటి పడ్డాక గుమ్మానికి జాలీ పెట్టి, తడి గోనె కప్పి, మరునాడు ఒక్క పూట ఈగలను లోపలే ఉంచుకోగలడు. గాలి ఆడేలా చూడాలి, అంతకు మించి మూసి ఉంచకూడదు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్‌లను ఆరుబయట పొలాల్లో వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది తేనెటీగల మీది ప్రభావం కారణంగానే.

రైతుకు దీనిలో లాభమూ ఉన్నది. జీడిపూత కాయగా మారడానికి పురుగుల రాకపోకలు అవసరం. నువ్వు, పొద్దుతిరుగుడు, గుమ్మడి, దోస జాతి తీగలకు తేనెటీగల వల్ల కలిగే మేలు కూడా తెలిసినదే.

ప్రకృతి వ్యవసాయం చేసే ఊరిలో అయితే ఈ భయం ఉండదు కదా?

చాలావరకు ఉండదు, అందుకు మేము సంతోషిస్తున్నాము. అయితే ఒక హెచ్చరిక అవసరం. అగ్నిఅస్త్రం వంటి కషాయాలలో పొగాకు కలుపుతారు. పొగాకులోని నికోటిన్ మొక్క నుంచి వచ్చినదే అయినా తేనెటీగకు విషమే. పైన చెప్పిన ఇమిడాక్లోప్రిడ్ కూడా నికోటిన్ పనిచేసే తీరులోనే ఈగ నరాల మీద పనిచేస్తుంది. కాబట్టి కషాయాలను కూడా విచ్చిన పూల మీద పగటిపూట పిచికారీ చేయకూడదు.

వానాకాలంలో పంచదార పాకం పెట్టడం ఈ పద్ధతికి విరుద్ధమా?

విరుద్ధం కాదు, అలవాటు కాకూడదు. మన దగ్గర సంక్రాంతి నుంచి మామిడి, జీడి, మాగాణుల్లో పెసర, మినుము, ఆపైన నేరేడు, వేప, కానుగ వరుసగా పూస్తాయి. వానలు ముదిరాక మేత పలచబడుతుంది. వేసవి చివర తేనె తీసేటప్పుడే ఈగలకు కావలసినది వదిలితే పాకం అవసరం చాలావరకు తప్పుతుంది. కొబ్బరి తోటల మధ్య ఉన్నవారికి ఈ ఇబ్బంది ఇంకా తక్కువ.

తుపాను తరువాత పరిస్థితి వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు చెట్లతో పాటు తొర్రలూ, పూతలూ పోయాయి. తిత్లీ ఉద్దానంలో కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. అటువంటప్పుడు పంచదార, నీరు సమపాళ్ళలో కలిపిన పాకం పెట్టి గూటిని బ్రతికించడమే ధర్మం. ఆ పాకం తేనెలో చేరకుండా, పూత మొదలయ్యే ముందే ఆపాలి. తుపాను హెచ్చరిక రాగానే పెట్టెలను కొబ్బరి చెట్ల కింది నుంచి తప్పించి, గోడ వారగా చేర్చి, తాడుతో కట్టాలి.

మా తేనెను సేంద్రియ తేనెగా అమ్ముకోవచ్చా?

"మా పెట్టెల్లో మందులు వాడము" అని నిజాయితీగా చెప్పుకోవచ్చు. "సేంద్రియ" అని ముద్రించి దుకాణాల ద్వారా అమ్మాలంటే ఎన్.పి.ఓ.పి. (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) లేదా పి.జి.ఎస్. (రైతులే కలిసి ఒకరికొకరు హామీ ఇచ్చుకునే విధానం) ధ్రువీకరణ కావాలి. చుట్టుపక్కల పొలాల మీద మనకు అధికారం లేదు కాబట్టి పెట్టె గురించే మాట ఇవ్వండి, తేనె మొత్తం గురించి ఇవ్వకండి. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతానికి మించకూడదు. గదుల్లో నాలుగింట మూడు వంతులకు మైనపు మూత పడిన పట్లనుంచే తేనె తీస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

అడవి తేనె సేకరించే గిరిజనులు కూడా వస్తున్నారా?

వస్తున్నారు. సీతంపేట వైపు నుంచి వచ్చే సవర పెద్దలు కొండ తేనెటీగ పట్టును మొత్తం కాల్చకుండా, పిల్ల భాగాన్ని వదిలి తేనె భాగాన్ని మాత్రమే కోసే తీరును వివరిస్తారు. తొర్రలోని గూటిని ఈగల రాకపోకలను బట్టి కనిపెట్టడంలో వారికి ఉన్న నేర్పు మాలో ఎవరికీ లేదు.

ఏమి తెచ్చుకోవాలి? ఏమి తేకూడదు?

ముఖానికి ముసుగు, లేత రంగు పొడుగు చేతుల చొక్కా, తాగునీటి సీసా తెచ్చుకోండి. అత్తరు, సెంటు పూసుకుని రావద్దు. పొగ డబ్బాలు, వాటిలోకి కొబ్బరి పీచు మేము సమకూరుస్తాము. మీ పెట్టెలోని పట్లు, ఈగలు, వాడిన చేతి తొడుగులు ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు. తెగులును గుర్తించాలనుకుంటే దగ్గర నుంచి తీసిన ఫోటోలు తెండి. భోజనం అక్కడే, ఖర్చు అందరూ పంచుకుంటారు. పిల్లలు పెద్దల చేయి పట్టుకుని రావచ్చు.

ఈగ కుడితే?

ముల్లును వెంటనే గోటితో గీకి తీసేయాలి. వాపు, మంట సహజం. ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాయడం, కళ్ళు తిరగడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కు ఫోను చేయాలి. గతంలో ఇలా జరిగినవారు పెట్టెల దగ్గరికి రావద్దని, చర్చల్లో మాత్రమే పాల్గొనాలని కోరుతున్నాము.

ఆ రోజు ఈగలను కొనుక్కుని వెళ్ళవచ్చా?

కలయికలో గూళ్ళ అమ్మకం ఉండదు. దూరం నుంచి తెచ్చిన గూటితో తెగులు కూడా రావచ్చు. పైగా మీ ఊరి తొర్రలో ఏళ్ళుగా మందు లేకుండా బ్రతికిన గూటి సంతానమే మీ పెట్టెకు అన్ని విధాలా తగినది. పూత కాలంలో గూళ్ళు చీలి గుంపులు బయలుదేరుతాయి. ఆ గుంపును ఖాళీ పెట్టెలోకి, కుండలోకి ఆకర్షించడం ఎలాగో మధ్యాహ్నం చేసి చూపిస్తాము. ఎన్నడూ ఈగలు ఉండని కొత్త పెట్టె ఉన్నవారు దానిని తెచ్చుకుంటే లోపల పూయడానికి కరిగించి వడకట్టిన మైనం ఇస్తాము. పెట్టెను నీడలో, మనిషి తల ఎత్తున, గుమ్మం తూర్పు వైపుకు ఉండేలా పెట్టి, పదిహేను రోజులకు ఒకసారి లోపల సాలీళ్ళు, చీమలు చేరాయేమో చూడండి.